నలభై ఒకటో ఏట సీరియల్ వేషం: ఉద్యోగం మానేయాలా? గాజువాక తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ (వయసులో బాగా చిన్నవారు కాబట్టి అలా పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి), మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 41. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం, గాజువాకలో సొంత ఇల్లు, హైస్కూల్లో ఇద్దరు పిల్లలు. పదిహేనేళ్లుగా పరిషత్తు నాటికలు (పోటీల్లో ఆడే చిన్న నాటకాలు) ఆడుతున్నారు, రెండుచోట్ల ఉత్తమ నటుడు షీల్డు తెచ్చుకున్నారు. ఇప్పుడు హైదరాబాద్‌లో తీస్తున్న ఒక డైలీ సీరియల్లో హీరోయిన్ బాబాయి వేషానికి పిలుపొచ్చింది, నెలకి పన్నెండు రోజులు కావాలన్నారు. "గొల్లపూడి మారుతీరావు గారు నలభై దాటాకే నటుడయ్యారు, నేనూ రాజీనామా ఇచ్చేసి వెళ్తే తప్పేమిటి?" అని మీ ప్రశ్న.

వేషం ఒప్పుకోండి. రాజీనామా మాత్రం ఇవ్వకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి, ఓపిగ్గా చదవండి.

నాకు 66. ఈ ఊళ్లోనే ఒక సంస్థలో స్టోర్స్ సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. పందొమ్మిదో ఏట స్టేజి ఎక్కాను. తర్వాత రేడియో నాటకాలు, 2000 దాటాక సీరియళ్లు, విశాఖకి షూటింగుకి వచ్చిన సినిమాల్లో చిన్న వేషాలు. హీరో తండ్రి, లెక్చరరు, పోస్టుమాస్టరు, పెళ్లికూతురి మేనమామ, జడ్జి. ఇప్పటికీ పిలిస్తే వెళ్తాను. మీరు నిలబడ్డ చోటే నేనూ ఒకసారి నిలబడ్డాను, అప్పుడు తప్పు దారి పట్టాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు గొల్లపూడి గారి గురించి.

ఆయన నలభై దాటాక నటుడయ్యారన్న మాట నిజమే. 1982లో కోడి రామకృష్ణ గారు తన తొలి సినిమా 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'లో ఆయనకి వేషమిచ్చేటప్పటికి ఆయనకి నలభై రెండు, నలభై మూడు ఉంటాయి. కానీ ఆ నలభై ఏళ్లలో ఏం చేశారో చూడండి. 1939లో విజయనగరంలో పుట్టారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో గణిత భౌతిక శాస్త్రం ఆనర్సు చదివారు. చదువుకునే రోజుల్లోనే నాటకాలు రాశారు, ఆడారు, ఆడించారు. 1959లో ఆంధ్రప్రభలో చేరారు. తర్వాత ఆకాశవాణిలో దాదాపు రెండు దశాబ్దాలు. 1960ల నుంచే సినిమాలకి రచన. అంటే కెమెరా ముందుకొచ్చే నాటికి ఆయన మాటతోనే బతుకుతున్న మనిషి. ఏ మాట ఎక్కడ విరిస్తే ఎలా వినపడుతుందో ఇరవై ఏళ్లు రోజూ మైకు దగ్గర చూసుకున్న మనిషి.

వీలైతే ఆ మొదటి సినిమాలో ఆయన మాట్లాడే పద్ధతి మళ్లీ వినండి. దుర్మార్గుడి వేషం. ఎక్కడా గొంతు పెంచరు. వాక్యం చివరి మాట దగ్గర కొంచెం ఆగుతారు, ఎదుటివాడు ఆ మాట ఊహించుకునేలోపు తను అందిస్తారు. ఆ ఆగడం నాకు తెలిసి ఏ యాక్టింగ్ స్కూల్లోనూ నేర్పింది కాదు, రేడియోలో వచ్చింది. రేడియోలో మొహం లేదు, చెయ్యి లేదు. ఉన్నదల్లా మాట, మాటకీ మాటకీ మధ్య జాగా. దాన్నే ఆయన సినిమాలోకి తెచ్చుకున్నారు. ఆ తర్వాత రెండొందలకి పైగా సినిమాలు చేశారు, టీవీలో నటించారు, వ్యాఖ్యాతగా చేశారు, కాలమ్ రాస్తూనే ఉన్నారు. 1992లో, దర్శకుడిగా తొలి సినిమా తీస్తున్న కొడుకు శ్రీనివాస్ షూటింగులోనే ప్రమాదంలో పోతే, ఆ సినిమాని పూర్తిచేసింది ఈ తండ్రే. 2019 డిసెంబరు 12న చెన్నైలో కన్నుమూశారు.

కాబట్టి "నలభై దాటాక వచ్చారు" అన్న ముక్క ఒక్కటే పట్టుకుంటే ఆయన జీవితంలో సగం వదిలేసినట్టే. ఉద్యోగం చేసిన ఆ ఏళ్లు వేషం కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకున్న ఏళ్లు కావు. నటుడికి కావలసిన సరుకంతా అప్పుడే పోగయింది.

మన ప్రాంతంలో ఆయనొక్కరే కాదు. జె.వి. సోమయాజులు గారు శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం మనిషి. రెవెన్యూలో డిప్యూటీ కలెక్టరు. 1980లో 'శంకరాభరణం' విడుదలయ్యే నాటికి యాభై దాటారు. అప్పటిదాకా ఏళ్ల తరబడి నాటకమే. గురజాడ 'కన్యాశుల్కం'లో ఆయన తమ్ముడు రమణమూర్తి గారు గిరీశం, ఆయన రామప్ప పంతులు. ఆ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడితే, దశాబ్దాల తర్వాత కూడా ఈ అన్నదమ్ముల నోట ఆ మాటలు వినడానికి జనం వచ్చారు. రామప్ప పంతులుగా గడుసుతనం ఒలకబోసిన మనిషే శంకరశాస్త్రిగా కూర్చుంటే కదలికే లేదు. కనుబొమ్మ పైకి లేస్తే చాలు, ఇంట్లో వాళ్లంతా సర్దుకుంటారు. అధికారం ఉన్న మనిషి నిజంగా ఎలా కూర్చుంటాడో ఆఫీసులో ఆయన ప్రతిరోజూ చూసి ఉంటారు. ఇది నా ఊహే, కానీ గట్టి నమ్మకం.

సుత్తివేలు గారు ఇక్కడ నేవల్ డాక్‌యార్డులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడినవారే. అక్కణ్ణుంచి జంధ్యాల గారి సినిమాల్లోకి వెళ్లారు. శుభలేఖ సుధాకర్ గారిది మరో దారి. విశాఖ కుర్రాడు, 1982లో విశ్వనాథ్ గారి సినిమాతో వచ్చారు, ఆ సినిమా పేరే ఇంటిపేరైపోయింది. సినిమాల తర్వాత సీరియళ్లలో తండ్రి వేషాలు, పెద్దమనిషి వేషాలు ఏళ్ల తరబడి వేశారు. సినిమా నుంచి టీవీకి రావడం దిగజారడం అనుకునేవాళ్లు ఆయన సీను ఒకటి శ్రద్ధగా చూడాలి. ఎదుటి ఆర్టిస్టు మాట్లాడుతుంటే ఆయన వినే తీరు చూడాలి.

ఇక నా తప్పు.

నాకు నలభై నాలుగేళ్లప్పుడు ఒక సీరియల్లో మంచి వేషం వచ్చింది. హీరో మావగారు. ఆస్తి, అహంకారం, మధ్యలో గుండెపోటు, అన్నీ ఉన్న పాత్ర. "ఏడాది గ్యారంటీ సార్" అన్నాడు మేనేజరు. నేను జీతం లేని సెలవు ఏడాది పెట్టేశాను. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. పెట్టెలో చొక్కాలు సర్దుతూ, "డబ్బులు నెలనెలా వస్తాయా?" అని మాత్రం అడిగింది. వస్తాయన్నాను. హైదరాబాద్ కృష్ణానగర్లో మరో ఇద్దరు ఆర్టిస్టులతో కలిసి గది తీసుకున్నాను.

ఏడో వారంలో కథ మారింది. రేటింగు తగ్గిందట, హీరోయిన్ పుట్టింటి ట్రాక్ పెంచాలట. నా పాత్రని వైద్యం కోసం అమెరికా పంపించారు. నేను లేకుండానే పంపించారు. ఒక సీన్లో ఫోన్ పెట్టేసి నా కూతురు వేషం వేసిన అమ్మాయి, "నాన్న ఫ్లైట్ ఎక్కారు" అంది. అంతే, నా ఏడాది గ్యారంటీ. ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. తారీఖుల కోసం నేనే ఫోన్ చేస్తే, "చెప్తాం సార్, వెనక్కి వస్తారు సార్" అన్నారు. చేసిన రోజుల డబ్బులు చేతికొచ్చేసరికి నాలుగో నెల వచ్చింది, అందులో కొన్ని రోజులు లెక్కలోకే రాలేదు.

సెలవు మిగిలిపోయింది కదా, వేరే వేషాలు వెతుక్కుందామని అక్కడే ఉన్నాను. ఆ ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది, మీకు దీని కోసమే ఇంత రాస్తున్నాను. అవసరం మొహంలో కనబడిపోతుంది తమ్ముడూ. ఆడిషన్‌కి వెళ్తే, తిరస్కరించలేని పరిస్థితిలో ఉన్న మనిషి కూర్చునే తీరే వేరుగా ఉంటుంది. కుర్చీ చివర కూర్చుంటాడు. అడగకముందే నవ్వుతాడు. జమీందారు వేషానికి డైలాగు చెబుతూ కళ్లతో మేనేజర్ని చూస్తాడు. అప్పుడు తీసిన ఒక టెస్టు నాకు తర్వాత చూపించారు. మాట బాగానే ఉంది. కళ్లలో మాత్రం వచ్చే నెల గది అద్దె ఉంది. కెమెరాకి అబద్ధం చెప్పడం నటుడి పని అనుకుంటాం, కానీ ఆ ఒక్క అబద్ధం అది ఒప్పుకోదు.

వెనక్కొచ్చి డ్యూటీలో చేరాను. నాలుగైదు నెలలు స్టేజి వైపు కూడా చూడలేదు. ఒకరోజు మా స్టోర్స్ కిటికీ దగ్గరికి ఒక క్రేన్ ఆపరేటర్ వచ్చాడు, గ్లవ్స్ ఇండెంటు పట్టుకుని. రిజిస్టర్లో సంతకం పెట్టాలి. చేతులు గ్రీజు. జేబులోంచి కాటన్ వేస్ట్ తీసి ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు, బొటనవేలు ఆఖర్న. తుడుచుకున్నాక చెయ్యి ఒకసారి వెలుగులో తిప్పి చూసుకుని, అప్పుడు పెన్ను పట్టుకున్నాడు. చదువు రాని మనిషి, పొడి అక్షరాలతో పేరు రాస్తాడు. ఆ రాసేటప్పుడు ఆయన మొహంలో ఉన్న గౌరవం నేను ఏ నాటకంలోనూ చూళ్లేదు. పదేళ్లుగా ఆయన ఆ కిటికీ దగ్గరికి వస్తూనే ఉన్నాడు. నేను చూసింది ఆరోజే.

ఆ ఏడాది నాటికలో నాది పొలం అమ్ముకునే రైతు వేషం. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం సీను. దర్శకుడు ఏడవమన్నాడు. నేను కండువాతో ఒక్కో వేలూ తుడుచుకుని, చెయ్యి తిప్పి చూసుకుని పెన్ను పట్టుకున్నాను. హాల్లో చప్పుడు లేదు. ఏడవాల్సిన పని పడలేదు. తర్వాత ఒక సినిమా అసిస్టెంట్ డైరెక్టరు ఆ నాటిక చూసే నన్ను పిలిచాడు. నాకు దొరికిన మంచి వేషాల్లో చాలావాటికి మూలం ఆ కిటికీ. మీ స్టీల్‌ప్లాంట్‌లో అలాంటి కిటికీలు ఎన్నుంటాయో ఆలోచించండి. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఎండలో షిఫ్టు దిగిన మనిషి నీళ్లు ఎలా తాగుతాడు? కుర్మన్నపాలెం గేటు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్లలో బి షిఫ్టు వాళ్లెవరో, సి షిఫ్టు వాళ్లెవరో నడకలోనే తెలుస్తుంది. కృష్ణానగర్లో నాకు కనిపించిందల్లా నాలాగే వేషం కోసం తిరుగుతున్న నటులు. నటులను చూసి నటన నేర్చుకుంటే నకలుకి నకలు వస్తుంది.

ఇప్పుడు పని గురించి. మీరు స్టేజి నుంచి వెళ్తున్నారు కాబట్టి మొదటి రోజే కొన్ని ఎదురవుతాయి.

సీను పేపరు ముందురోజు రాదు. చాలాసార్లు ఆ ఉదయమే, వాట్సాప్‌లో వస్తుంది. కంఠతా పట్టే టైము ఉండదు. అసిస్టెంట్ డైరెక్టరు కెమెరా పక్కన నిలబడి డైలాగు అందిస్తుంటాడు, మీరు పట్టుకుని చెప్పాలి. స్టేజి మీద ప్రాంప్టింగు అంటే మరిచిపోయినప్పుడు వచ్చే సాయం. సీరియల్ సెట్లో మాత్రం పనంతా అలాగే నడుస్తుంది. మొదట్లో నాకు ఒళ్లు మండిపోయింది. అతని గొంతు వినగానే నా కళ్లు అటు పోయేవి, మొహంలో వినే మనిషి కనబడేవాడు, మాట్లాడే మనిషి పోయేవాడు. చిట్కా ఏమిటంటే సీను మొత్తం మూడు నాలుగుసార్లు చదివి, నా పాత్రకి ఏం కావాలి, ఎక్కడ ఓడిపోతుంది, ఈ రెండే మనసులో పెట్టుకోవడం. అప్పుడు అందించే మాట గుర్తుచేసే మాటలా చెవిలో పడుతుంది, కళ్లు ఎదుటి ఆర్టిస్టు మీదే ఉంటాయి. ఇది ఇంట్లో సాధన చేయొచ్చు. మీ అమ్మాయి చేత పేపరు చదివించుకుని మీరు అద్దంలో చూడకుండా, గోడ మీద ఒక బొట్టు బిళ్ల అంటించి దాన్ని చూస్తూ చెప్పండి. వారం రోజులు చాలు.

రెండోది గొంతు. మన సీరియళ్లలో పక్క రాష్ట్రం నుంచి వచ్చిన నటీనటులు చాలామంది ఉన్నారు, వాళ్లకి డబ్బింగ్ ఆర్టిస్టులు చెబుతారు. ఆ లెక్కలోనే మీ గొంతూ ఇంకెవరికో ఇచ్చేస్తారు, మీరు విశాఖ నుంచి మళ్లీ రావాలి కదా అని. ఒప్పుకోకండి. నా డబ్బింగ్ నేనే చెప్పుకుంటాను అని అగ్రిమెంటు దగ్గరే మాట తీసుకోండి. అవసరమైతే రెండు రోజులు షూటింగు, ఆ రాత్రి డబ్బింగు పెట్టించుకుని రైలెక్కండి. పదిహేనేళ్ల పరిషత్తు అనుభవం మీ గొంతులోనే ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది చొక్కా.

చొక్కా అంటే గుర్తొచ్చింది. క్యారెక్టర్ ఆర్టిస్టులు చాలావరకు బట్టలు తామే తెచ్చుకోవాలి. బాబాయి వేషం అంటే కనీసం ఎనిమిది జతలు, రెండు పంచెలు, ఒక శాలువా. సన్న గళ్లు, మెరిసే తెలుపు వద్దు, కెమెరాకి ఇబ్బంది. ఏ సీనుకి ఏది వేశారో ఫోన్లో ఫొటో తీసుకుని పెట్టుకోండి. సగం సీను ఇవాళ, మిగతా సగం తొమ్మిది రోజుల తర్వాత తీస్తారు. వాచీ ఏ చేతికి, కళ్లజోడు జేబులోనా మొహం మీదా, గ్లాసు ఏ చేత్తో పట్టుకున్నారు, ఇవన్నీ మీరే గుర్తుపెట్టుకోవాలి. నా మొదటి రోజున కాఫీ గ్లాసు కుడిచేత్తో మొదలుపెట్టి, క్లోజప్‌కి వచ్చేసరికి ఎడమచేత్తో పట్టుకున్నాను. లైటింగు మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ లైట్‌మన్ నన్నేమీ అనలేదు. నిచ్చెన మళ్లీ ఎక్కాడు, అంతే. ఆ నిచ్చెన చప్పుడు గుర్తుండి ఇప్పటికీ గ్లాసు పట్టుకునేముందు చెయ్యి చూసుకుంటాను.

రియాక్షన్ క్లోజులు అని తీస్తారు. ఎవరో ఒక నిజం బయటపెడతారు, ఇంట్లో తొమ్మిది మంది ఉంటే తొమ్మిది మొహాలూ విడివిడిగా తీస్తారు. మీ ఎదురుగా ఎవరూ ఉండరు, కెమెరా పక్కన ఒక చెయ్యి చూపించి "అక్కడ లుక్ ఇవ్వండి సార్" అంటారు. చాలామంది అప్పుడు కళ్లు పెద్దవి చేస్తారు. మీరు చేయకండి. ఆ నిజం మీ పాత్రకి ఎప్పటి నుంచో అనుమానమా, ఇప్పుడే తెలిసిందా, తెలిసినా తెలియనట్టు ఉన్నాడా, ఒక్కటి ఎంచుకోండి. ఎంచుకుంటే మొహం దానంతట అదే చూసుకుంటుంది. ప్రేక్షకులు గుర్తుపెట్టుకునే బాబాయి ఆ మూడు సెకన్లలోనే పుడతాడు.

మైకు గురించి మనవాళ్లు పట్టించుకోరు కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది సిరిపురంలోని మన ఆకాశవాణి. డ్రామా ఆడిషన్ పాసైతే బి గ్రేడ్ ఇస్తారు, అక్కణ్ణుంచి పైకి. స్టేజి అలవాటుతో మొదటిరోజు హాలు చివరి వరుసకి వినపడేలా అరిచాను. ఒక పెద్దాయన రిహార్సల్ ఆపించి, "ఎవుల్ని పిలుస్తన్నావు బావూ, బీచిలో ఉన్నోళ్లనా? ఇదుగో ఈ మైకు ఒక మనిషి చెవి అనుకో, ఆ మనిషి నిద్దరోతన్నాడనుకో. లెగిసిపోకుండా చెప్పు" అన్నారు. స్క్రిప్టు కాగితాలకి పిన్ను పీకేసి, చదివిన కాగితాన్ని చప్పుడు కాకుండా కింద తివాచీ మీదికి జార్చడం కూడా అక్కడే నేర్చుకున్నాను. కాగితం జారేటప్పుడు ఊపిరి ఆగకూడదు, ఆగితే మాట తెగుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత కెమెరా ముందు క్లోజులో మాట్లాడాల్సి వస్తే ఆ నిద్రపోతున్న మనిషి చెవే నాకు గుర్తొచ్చింది. ఆడిషన్ పడినప్పుడు మీరూ అప్లై చేయండి. డబ్బుల కోసం వద్దు, చెవి కోసం.

యాస గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మీరు ఉత్తరాంధ్ర అని తెలియగానే, "సార్, ఆ స్లాంగ్ కొట్టండి, కామెడీ పండుద్ది" అంటారు. నన్ను అన్నారు. వాచ్‌మన్, పాలేరు, తాగుబోతు, ఈ మూడింటికే మన భాష అనుకుంటారు. మా అమ్మ "ఏటైపోనాదిరా నాయనా, ఇలగ సిక్కిపోనావు" అంటే ఇంటిల్లిపాదికీ గొంతు పట్టేసేది. ఆ భాషలో దుఃఖం ఉంది, గడుసుతనం ఉంది, ప్రేమ ఉంది. గురజాడ ఈ గడ్డ మీది మాటనే కదా నాటకంలో పెట్టింది. బాబాయి వేషానికి యాస అడిగితే చెయ్యండి, బాగా చెయ్యండి, కానీ ఏడుపు సీన్లో కూడా అదే యాసలో మాట్లాడతానని అడగండి. నవ్వించడానికి యాస, ఏడవడానికి పుస్తకం భాష అంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక దర్శకుడు నా మాట విన్నాడు. ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాడు పూర్ణా మార్కెట్లో కూరలమ్మే ఆవిడ, "నిన్న మా అయ్యనాగే మాటాడినావు బావూ" అని తూకంలో నాలుగు వంకాయలు ఎక్కువ వేసింది. నాకు అందిన షీల్డులన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు వంకాయలు ఒక ఎత్తు.

ఇక లెక్కలు త్వరగా చెప్పేస్తాను. మీ సంస్థలో బయట పనికి అనుమతి నియమాలు ఉంటాయి. అప్పుడప్పుడూ చేసే కళాసంబంధమైన పనికి మామూలుగా అభ్యంతరం ఉండదు, కానీ పారితోషికం తీసుకుంటున్నప్పుడు రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగానే అనుమతి తీసుకోండి. నోటి మాట మీద వెళ్లకండి, మీరంటే పడనివాడు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలు. నెలకి పన్నెండు రోజులు కుదరదు. ఆరు అడగండి. "ఆరు రోజులైతే నెలకి నా సీన్లన్నీ కలిపి తీసుకోండి" అని చెప్పండి. బాబాయి పాత్రకి అది సాధ్యమే, చాలామంది అలాగే చేస్తున్నారు. వీక్లీ ఆఫ్‌లు, సెలవులు కలుపుకుంటే మీకూ కుదురుతుంది. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ పాత్ర మీకోసం కాదు, మరొకటి వస్తుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడుంటారు. దాదాపు 700 కిలోమీటర్ల దూరం. రైల్లో నిద్రపోయేవాళ్లకి ఇదేమీ దూరం కాదు, నిద్ర పట్టని రకమైతే మొదటిరోజు మధ్యాహ్నం సీన్లు పెట్టమనండి. కళ్ల కింద ఉబ్బు మేకప్‌కి లొంగదు.

పారితోషికం రోజుకింత అని మాట్లాడతారు. అందులో రానుపోను ఖర్చు, బస కలిసి ఉన్నాయో లేవో ముందే అడగండి. ఎన్ని రోజులకి చేతికొస్తుందో అడగండి. నాకు రెండు మూడు నెలలు పట్టడం మామూలే. మామూలుగా 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తారు, అది మీ పాన్ మీద జమ అయిందో లేదో చూసుకుని రిటర్నులో చూపించండి, జీతంతో కలిపి. ఒక చిన్న నోటు పుస్తకంలో తారీఖు, కాల్‌షీటు మొదలైన టైము, వదిలిన టైము, సీన్ల నంబర్లు రాసుకుని, వీలైతే ఆ రోజే మేనేజరు చేత పొట్టి సంతకం పెట్టించండి. ఆ పుస్తకం లేకే నా రోజులు కొన్ని గాలికిపోయాయి.

డబ్బులు మీరు కట్టాల్సిన వేషం ఏదైనా సరే, అది వేషం కాదు. రిజిస్ట్రేషన్ అని, పోర్ట్‌ఫోలియో అని, కోఆర్డినేటర్ కమీషన్ ముందే అని ఎవరడిగినా ఫోన్ పెట్టేయండి. మా నాటక సమాజంలో కుర్రాడొకడు అమ్మ గొలుసు తాకట్టు పెట్టి ఇలాగే కట్టాడు. గొలుసూ రాలేదు, వేషమూ రాలేదు, వాడు నాటకం కూడా మానేశాడు. మూడోది తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధ.

మీరు శిక్షణ గురించి కూడా అడిగారు. పదిహేనేళ్లు స్టేజి మీద ఉన్నవారికి మొదట్నుంచీ నేర్చుకోవాల్సింది తక్కువే. కెమెరా కోసం కొన్నాళ్లు కావాలనుకుంటే మన ఊరే ఉంది. పవన్ కళ్యాణ్, ప్రభాస్ లాంటివాళ్లు విశాఖ వచ్చి నటన నేర్పే సత్యానంద్ గారి దగ్గర నేర్చుకుని వెళ్లారు. యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది. ఇక్కడి నుంచి నేర్చుకోవడానికి హైదరాబాద్ వెళ్లాల్సిన అవసరం నాకు కనపడదు.

వేషాలు కూడా ఇక్కడికే వస్తాయి, కొంతవరకు. 1978లో బాలచందర్ గారు 'మరో చరిత్ర' ఇక్కడ తీసినప్పటి నుంచి బీచి రోడ్డు, భీమిలి, అరకు దారి షూటింగులకి అలవాటైపోయాయి. భీమిలి దారిలో కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది. యూనిట్లు వచ్చినప్పుడు ఒకటి రెండు రోజుల వేషాలకి స్థానికుల్నే చూస్తారు, ప్రయాణం ఖర్చు, బస కలిసొస్తాయి కాబట్టి. అలాంటి వాటికి మీ ఫొటోలు, రెండు నిమిషాల వీడియో ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. వీడియోలో హీరో డైలాగులు వద్దు. ఒక తండ్రి ఫోన్లో కూతురితో మాట్లాడుతున్నట్టు, అవతలి మాట వినపడకుండా, మీరు వింటున్నట్టు చెయ్యండి. మాట కంటే వినడం ఎక్కువ ఉండాలి. అది చూసే మనిషికి మీరేమిటో తెలుస్తుంది.

ఇంట్లో మీ ఆవిడతో ఈ లెక్కలన్నీ పెట్టుకుని కూర్చోండి. నేను ఆరోజు "వస్తాయి" అని ఒక్క ముక్కతో తేల్చేశాను, అది ఇప్పటికీ నన్ను కలుక్కుమనిపిస్తుంది. ఆవిడ ఆ ఏడాది పిల్లల ఫీజులు ఎలా కట్టిందో నాకు పదేళ్ల తర్వాత తెలిసింది. మీరు పన్నెండు రోజులు లేకపోతే ఇంట్లో ఏది ఎవరు చూస్తారు, ఆరు రోజులైతే ఎవరు చూస్తారు, కాగితం మీద రాయండి. పెద్దపిల్లది పదో తరగతి అన్నారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తారీఖులు ఇవ్వనని ఇప్పుడే చెప్పేయండి. ముందు చెబితే వాళ్లు సర్దుకుంటారు, ఆఖరి నిమిషంలో చెబితే మిమ్మల్ని కూడా అమెరికా పంపేస్తారు.

ఆదివారాల్లో సాయంత్రం అయిదు తర్వాత నేను పిఠాపురం కాలనీలో కళాభారతి దగ్గరే ఉంటాను, మా నాటిక రిహార్సల్ ఆ పక్కనే ఒకరి మేడ మీద. సీరియల్ వాళ్లు మీకు ఆడిషన్ కోసం పంపిన పేపరు పట్టుకురండి. మా వాళ్లలో ఒకరు ప్రాంప్టింగు అందిస్తారు, నేను హీరోయిన్ నాన్నగా కూర్చుంటాను, మీరు బాబాయి చదవండి. గ్లాసు మాత్రం మీదే తెచ్చుకోండి, రేపు సెట్లో ఏ చేత్తో పట్టుకోబోతున్నారో ఆ చేత్తోనే.